భద్రాచలం ఏ అరలో దొరుకుతుంది?

ఏదైనా పెద్ద గ్రంథాలయం ఆన్‌లైన్ క్యాటలాగు తెరిచి ‘దాశరథి’ అని కొట్టి చూడండి. ఖమ్మం ప్రాంత సాహిత్యం మీద పనికి దిగే విద్యార్థి ముందుగా కొట్టే మాటల్లో అదొకటి. వచ్చే జాబితాలో దాశరథీ శతకం ప్రతులు, దానికి రాసిన టీకా తాత్పర్యాలు, ‘అగ్నిధార’ కవి దాశరథి కృష్ణమాచార్య సంపుటాలు, ఆయన తమ్ముడు ‘చిల్లర దేవుళ్ళు’ రంగాచార్య నవలలు కలగాపులగంగా ఉంటాయి. శతకం రాసిన కంచర్ల గోపన్నది పదిహేడో శతాబ్దం, పుట్టిన ఊరు నేలకొండపల్లి. అన్నదమ్ములిద్దరూ 1920లలో చిన్నగూడూరులో పుట్టారు. మధ్యలో రెండు శతాబ్దాలకు పైగా గడిచాయి. యంత్రానికి మాత్రం అక్కడ ఉన్నది ఒకే అక్షరాల వరస.

క్యాటలాగు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ గందరగోళం నిమిషంలో విడిపోతుంది. పుస్తకం గురించి గ్రంథాలయం రాసుకునే ప్రతి నమోదూ గళ్ళుగా ఉంటుంది. కర్తకు ఒక గడి, గ్రంథనామానికి ఒకటి, విషయానికి ఒకటి, స్థలానికి మరొకటి. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆవిడ ఈ గళ్ళకు అంకెలు వేసి, కంప్యూటరు చదవగలిగే పద్ధతిని తయారుచేశారు. దాన్ని మార్క్ అంటారు. అందులో కర్తది 100, గ్రంథనామానిది 245, విషయానిది 650, స్థలానిది 651. ఇప్పటికీ ప్రపంచంలో చాలా గ్రంథాలయాలు ఆ అంకెల మీదే నడుస్తున్నాయి. మామూలుగా ఒక మాట కొడితే యంత్రం అన్ని గళ్ళూ కలిపి తడుముతుంది. ‘కర్త’ అని ఎంచుకుంటే అన్నదమ్ములు మిగులుతారు, ‘గ్రంథనామం’ అంటే శతకం ముందుకొస్తుంది, ‘విషయం’ అంటే వాళ్ళ గురించి ఇతరులు రాసినవి వస్తాయి. పరిశోధనకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ మూడోదే. నేను చూసినంతలో మన విద్యార్థులు దాన్ని ముట్టుకోకుండానే గూగుల్‌కి వెళ్ళిపోతారు.

రామదాసు దగ్గర చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ఆయన కంచర్ల గోపన్న, కంచెర్ల గోపన్న, భద్రాచల రామదాసు, భక్త రామదాసు. కొన్నిచోట్ల ఉత్త రామదాసు. అదే శతాబ్దంలో మహారాష్ట్రలో సమర్థ రామదాసు ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో కేరళలోని కన్హంగాడ్‌లో ఆనందాశ్రమం స్థాపించిన స్వామి రామదాసు ఉన్నారు, ఆయన పుస్తకాలూ బోలెడు. వీటి మీద నాగయ్య గారి 1964 సినిమా, 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ వచ్చి చేరతాయి. ఇలాంటి చోట గ్రంథాలయాలు వాడే సాధనం అథారిటీ ఫైలు. మనిషికి ఒక స్థిరమైన పేరు ఖాయం చేసి, తక్కిన పేర్లన్నిటినీ దానికి ముడిపెడతారు. ఏ పేరుతో వెతికినా ఆ మనిషి దగ్గరికే చేర్చాలన్నది ఉద్దేశం. వివిధ దేశాల జాతీయ గ్రంథాలయాల అథారిటీ ఫైళ్ళను ఒకచోట కలిపి చూపే వియాఫ్ అనే సైటు ఉంది. రచయిత పేరు ఇస్తే ఏ గ్రంథాలయం ఆయన్ని ఏ రూపంలో రాసుకుందో చూపిస్తుంది. పనికి కూర్చునే ముందు ఆ రూపాలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ తర్వాత వారాల శ్రమ తప్పిస్తుంది.

పాశ్చాత్యుల పేర్లకూ ఈ జాగ్రత్త కావాలి. పాపికొండల కొండరెడ్ల మీద 1945లో వచ్చిన పెద్ద పుస్తకం ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. రాసినాయన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్. మనమంతా ఆయన్ని హైమెండార్ఫ్ అంటాం, క్యాటలాగులో ఆయన ఉండేది ‘ఫ్యూరర్’ దగ్గర. పుస్తకం పేరులో పాపికొండలూ లేవు, గోదావరీ లేదు, భద్రాచలమూ లేదు. ఊరి పేరుతో వెతికితే ఈ ప్రాంతపు గిరిజనుల మీద ఉన్న ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి చేయి జారిపోతుంది. జనసమూహం పేరుతో, విషయం గడిలో వెతికితేనే దొరుకుతుంది. ఆయన ఫొటోలు, సినిమా రీళ్ళు, కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఫొటోల్లో చాలావాటిని ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

ఇక లిపి. తెలుగు పరిశోధకుడికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

యంత్రం మాటను చదవదు, అంకెల వరసగా పోలుస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న ఒక పట్టిక కేటాయించారు. ‘భద్రాచలం’ అన్న మాట తెర మీద మనకు నాలుగక్షరాలు. యంత్రం లోపల ఎనిమిది సంకేతాలు: భ, ద, పొల్లు, ర, దీర్ఘం, చ, ల, సున్న. ‘భద్రాచలము’ అయితే తొమ్మిది. మొదటి ఏడూ ఒకటే, ఆ తర్వాత దారులు వేరు. పాత పుస్తకాల పేర్లన్నీ ‘ము’తో ముగుస్తాయి, కొత్తవి సున్నతో. కాబట్టి ‘శతకం’ అని వెతికిన వాడికి ‘శతకము’లేవీ కనిపించవు, కనిపించలేదని తెలియనూ తెలియదు. దీనికి చిన్న చిట్కా ఉంది. మాటను మారని చోటి దాకా కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. ‘భద్రాచల*’, ‘శతక*’. చాలా క్యాటలాగులు ఆ గుర్తును ‘ఇక్కణ్ణుంచి ఏదైనా సరే’ అని అర్థం చేసుకుంటాయి.

కంటికి కనబడని అక్షరం కూడా ఒకటుంది. ‘రామదాస్‌’ లాంటి పొల్లు మాటల చివర చాలా పత్రికల సైట్లు వెడల్పు లేని ఒక విడదీత గుర్తును చేరుస్తాయి. మనకు ఏమీ తేడా కనిపించదు. యంత్రానికి మాత్రం అది వేరే మాట. ఒక సైటులోంచి పేరు కాపీ చేసి మరో సైటులో అతికించినప్పుడు ఫలితాలు సున్నా వస్తే, పేరును చేత్తో మళ్ళీ కొట్టి చూడాలి. అను ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లది ఇంకో రకం. చూడటానికి చక్కటి తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటిలో తెలుగు మాట కొట్టి వెతికితే ఏమీ దొరకదు.

విదేశీ క్యాటలాగుల్లో తిప్పలు వేరు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తెలుగు పేర్లను రోమన్ లిపిలోకి మార్చడానికి కచ్చితమైన నియమావళి పెట్టుకుంది. అందులో ‘చ’కు ఒక్క సి మాత్రమే రాస్తారు, ‘ఛ’కు సి పక్కన హెచ్ చేరుస్తారు. మనం ఊరి బోర్డు మీద చూసే ఇంగ్లీషు స్పెల్లింగులో ‘చ’కు సి, హెచ్ రెండూ ఉంటాయి. అక్కడి చాలా పాత నమోదుల్లో తెలుగు లిపి అసలుండదు. రోమన్ రూపం ఒక్కటే ఉంటుంది కాబట్టి రెండు స్పెల్లింగులతోనూ వెతకాలి. ఈ శ్రమకు ఫలితం మాత్రం పెద్దది. 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి, మన దేశానికి అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతో అమెరికా ఇక్కడి పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మన ఊళ్ళలో అట్టలు ఊడి, చెదలు పట్టి పోయిన ఆనాటి తెలుగు పుస్తకాలు షికాగోలోనూ విస్కాన్సిన్‌లోనూ అరల మీద ఉండటానికి కారణం ఆ గోధుమలే.

పుస్తకం ఉన్నా అర వేరు కావచ్చు. మన జిల్లా గ్రంథాలయాల్లో సాధారణంగా కనిపించేది డ్యూయీ దశాంశ పద్ధతి. భద్రాచలం మీద పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పెట్టి, ఆ పద్ధతి ప్రకారం సర్దమంటే ఏమవుతుందో చూడండి. దాశరథీ శతకం తెలుగు కవిత్వం కాబట్టి 894.8271కి పోతుంది. రామదాసు కీర్తనలు స్వరాలతో అచ్చయితే సంగీతం కింద 780లకు. గుడి స్థలపురాణం హిందూ మతం కింద 294.5కు. కోయల జీవితం మీద పుస్తకం 305.8కు. కోయ భాష మీద వ్యాకరణం గోండీతో కలిసి 494.823కు. గెజెటీరు ఆంధ్రప్రదేశ్ చరిత్ర కింద 954.84కు. ఒకే ఊరు ఆరు గదుల్లోకి చెదిరిపోయింది. పుస్తకానికి అర మీద ఒక్క చోటే ఉంటుంది, దానిలోని విషయాలు మాత్రం అనేకం. ఈ ఇబ్బందిని లోతుగా పట్టుకున్నది మన ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా 1933లో ఆయన ప్రచురించిన కోలన్ వర్గీకరణ, విషయాన్ని ముక్కలుగా విడదీసి చూసింది. ఏ అంశం, ఏ చోటు, ఏ కాలం అని వేటికవే. ఇవాళ ఏ డేటాబేసు తెరిచినా పక్కన భాష, సంవత్సరం, స్థలం, రకం అని వడపోత పట్టీ ఉంటుంది కదా, ఆ ఆలోచన ఆయనదే. భాష తెలుగు, స్థలం భద్రాచలం అని రెండు టిక్కులు పెట్టినప్పుడు ఆ ఆరు గదులూ ఒక గదవుతాయి.

స్థలం భద్రాచలం అన్నాను గానీ, ఏ భద్రాచలం? నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

1860 దాకా గోదావరికి రెండు గట్లూ నిజాంవే. ఆ ఏడాది ఒప్పందంతో ఎడమ గట్టు ఇంగ్లీషువాళ్ళకు పోయింది. దాన్ని ఎగువ గోదావరి జిల్లా పేరుతో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. ఆ తర్వాత అది తూర్పు గోదావరి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు కూడా భద్రాచలం అందులో లేదు, 1959లో వచ్చి చేరింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, పట్నం తెలంగాణలో మిగిలింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అటు కూనవరం, చింతూరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి.

ఈ చరిత్రంతా క్యాటలాగుల్లో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. 1860లనాటి భద్రాచలం కావాలంటే చార్లెస్ గ్రాంట్ 1870లో నాగపూరులో ప్రచురించిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజెటీరులో వెతకాలి. తెలుగు పరిశోధకుడికి నాగపూరు తట్టదు. ఆ తర్వాతి కాలానికి హెమింగ్‌వే రాసిన గోదావరి జిల్లా గెజెటీరు ఉంది, అది 1907ది. ఖమ్మం వైపు వివరాలు హైదరాబాదు రాజ్యపు కాగితాల్లో వరంగల్ జిల్లా కింద, ‘ఖమ్మంమెట్టు’ పేరుతో ఉంటాయి. ఇంగ్లీషు గెజెటీర్లలోనూ చివర ఆ ‘మెట్’ తగిలించే ఉంటుంది.

సాహిత్యానికి ఇది ఇంకా గట్టిగా తగిలింది. బ్రిటిష్ ఇండియాలో 1867 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయించాలి. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి ఆ జాబితాలు ప్రచురించేది. పుస్తకం పేరు, కర్త, ప్రెస్సు, ధర, ఎన్ని ప్రతులు అచ్చేశారు, అన్నీ ఉండేవి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో చేరిన తెలుగు పుస్తకాలకు ఎల్.డి. బార్నెట్ 1912లో క్యాటలాగు వేశారు. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. కాబట్టి భద్రాచలం గట్టున పుట్టిన పుస్తకానికి లెక్క ఉంది, ఎదురుగా బూర్గంపహాడు గట్టున పుట్టిన దానికి లేదు. నిజాం రాష్ట్రంలో కవులు పూజ్యమని తేల్చిన వాళ్ళున్నారు. దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. సంకలనం అంటాం గానీ, నా దృష్టిలో అది ఒక క్యాటలాగు. ఉన్నవాళ్ళను లేరని చెప్పిన జాబితాలకు ఎదురుగా నిలబెట్టిన మరో జాబితా. ఈ ప్రాంతం మీద పనిచేసే వాళ్ళు దాన్ని కవిత్వంగానే కాక, వెతకడానికి కావలసిన పేర్ల పట్టికగా కూడా చదవాలి.

నిజాం వైపు వెతికేవాళ్ళకు హైదరాబాదులో మూడు చోట్లు తప్పవు. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, ఉర్దూ పారశీక కాగితాలున్న తార్నాక ఆర్కైవ్స్. వీటిలో ఉన్నదంతా ఆన్‌లైన్‌లో కనిపించదు. స్వయంగా వెళ్ళి, పాత రిజిస్టర్లు తిరగేయాల్సిందే. అచ్చు క్యాటలాగులను తక్కువగా చూడకూడదని ఇటీవలి అనుభవం కూడా చెప్పింది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, ఆన్‌లైన్ క్యాటలాగు నెలల తరబడి మూతపడింది. ఆ నెలల్లోనూ 1912 నాటి బార్నెట్ పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు పాత తెలుగు పుస్తకాల వివరాలు చూసుకోగలిగారు.

స్కాన్ చేసిన పుస్తకాల కథ మరొకటి. కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్‌లో ఆచార్యులైన రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పదిలక్షల పుస్తకాల పథకం మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటు తర్వాత మూతపడినా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఎక్కించినవాళ్ళు పుస్తకాల పేర్లను ఎవరికి తోచిన ఇంగ్లీషు స్పెల్లింగులో వాళ్ళు కొట్టారు. ‘శతకము’ను ఎస్‌తో ఒకరు, ఎస్ హెచ్‌తో ఒకరు, మధ్యలో టీ హెచ్ పెట్టి మరొకరు. కర్త పేరు ఉండాల్సిన చోట సంపాదకుడి పేరుండటం, సంపుటం సంఖ్య లేకపోవడం మామూలే. అక్కడ వెతికేవాడు సరైన స్పెల్లింగు ఏమిటని కాకుండా, తెలుగు తెలిసిన వాళ్ళు తొందరలో ఎన్ని రకాలుగా కొట్టగలరని ఆలోచించాలి.

2020 దాకా ఆ ఆర్కైవ్‌లో చాలా తెలుగు పుస్తకాల పక్కన, ఈ భాషను అక్షరాలుగా మార్చడం ప్రస్తుతం కుదరదని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉండేది. ఆ ఏడాది చివర టెసెరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారాక తెలుగు పుస్తకాల లోపలి పాఠంలో కూడా వెతకడం వీలైంది. ఇది ఎంత పెద్ద మార్పో ఇంకా చాలామందికి తెలియదు. తప్పులు మాత్రం చాలా ఉంటాయి. బొమ్మను చూసి అక్షరాన్ని గుర్తుపట్టే యంత్రం ‘మ’ను ‘య’ అనుకుంటుంది, ‘ద’కూ ‘ధ’కూ తేడా పోగొడుతుంది. పాత అచ్చులోని అరసున్న, వలపలగిలక దానికి మరీ కష్టం. ‘కంచర్ల’లోని ‘ర్ల’ వలపలగిలకతో అచ్చయి ఉంటే ఆ పేరు ఆ పుస్తకంలో దొరక్కపోవచ్చు. ‘గోపన్న’ తేలికగా దొరకొచ్చు. వత్తులు తక్కువున్న, రూపం మారని మాటను ఎంచుకోవడం ఇక్కడ అలవాటు చేసుకోవాల్సిన పద్ధతి.

పుస్తకం రాసిన వాళ్ళ సంగతి ఇది. రాయని వాళ్ళ మాటేమిటి? దుమ్ముగూడెం, చర్ల, చింతూరు అడవుల్లో కోయల పాటలకు కర్త లేడు, గ్రంథనామం లేదు. అంటే మార్క్ పద్ధతిలోని 100, 245 గళ్ళు రెండూ ఖాళీ. క్యాటలాగు వాళ్ళను చూడగలిగేది ఇతరులు రాసిన వాటిలో, విషయం గడిలో మాత్రమే. అక్కడా ఉత్తినే ‘కోయ’ అని రోమన్ లిపిలో కొడితే జపాన్‌లోని కోయ పర్వతం, దాని బౌద్ధ మఠాలు ముందు వరసలో వచ్చేస్తాయి. పాత రచయితలు ‘కోయి’ అని రాశారు. గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం, 1906లో, దాన్ని గోండీకి ఒక మాండలికంగా చూపించింది. 1969లో స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డు గొమ్ముకోయల మాట మీద వ్యాకరణం రాసినప్పుడు పుస్తకం పేరులోనే ‘కోయ’ వచ్చింది. అంచేత కోయ, కోయి, గోండీ మూడూ ‘లేదా’తో కలిపి, దానికి భద్రాచలమో గోదావరో ‘మరియు’తో జతచేసి అడగాలి. ‘లేదా’ వలను పెద్దది చేస్తుంది, ‘మరియు’ చిన్నది చేస్తుంది. 1854లో జార్జ్ బూల్ రాసిన తర్కశాస్త్రమే ఇవాళ ప్రతి వెతికే గడి వెనకా ఉంది.

ఇంకో దారి, ఒక పుస్తకం చెయ్యి పట్టుకుని వెనక్కి నడవడం. 1909 నాటి థర్‌స్టన్ ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ నాలుగో సంపుటంలో కోయల మీద వ్యాసం ఉంది. అందులో చాలా భాగం దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ రాసిన దాన్నుంచి తెచ్చింది. ఆ పేరు పట్టుకుని వెళితే ఇండియన్ యాంటిక్వరీ పత్రిక 1870ల సంపుటాల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద ఆయన వ్యాసాలు తగులుతాయి. ఆ సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. తర్వాతి వాళ్ళు ఎత్తి రాసుకున్న మాటలకీ, ఊళ్ళో ఉండి రాసిన మనిషి మాటలకీ మధ్య ఏమేం రాలిపోయాయో అప్పుడు తెలుస్తుంది. మిషనరీ కళ్ళతో చూసినందువల్ల మొదటే ఏం రాలిపోయిందో ఊహించడం పరిశోధకుడి వంతు.

అసలు పాటలు ఎక్కువగా ఉండేది సిద్ధాంత గ్రంథాల్లో. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళు శోధ్‌గంగ అనే భాండాగారంలో పెడుతున్నారు. కాకతీయ, ఉస్మానియా వంటి చోట్ల తెలుగు శాఖల్లో గిరిజన సాహిత్యం మీద పని చేసినవాళ్ళు ఊళ్ళు తిరిగి సేకరించిన పాటలను చాలాసార్లు అనుబంధంగా చేరుస్తారు. శోధ్‌గంగ గ్రంథాన్ని ప్రకరణాల వారీగా విడి ఫైళ్ళుగా పెడుతుంది. వెతికే వాళ్ళు ఉపోద్ఘాతం, ముగింపు చదివి మూసేస్తారు. తెరవాల్సింది చివరి ఫైలు. పాట ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ పండగప్పుడు, ఏ సంవత్సరంలో అన్న పట్టిక ఉంటే అక్కడే ఉంటుంది. క్యాటలాగులో 100వ గడి ఖాళీగా ఉన్న ఆ పాటకు పాడిన మనిషి పేరు దొరికే చోటు అదొక్కటే.